చెరువు, కాలువ, మరవ: మోటారుకారులో విద్యుత్తు చరిత్ర

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు ఊళ్ళును చెరువుల విలువ యెరిగిన ఊళ్ళు. ఏడాదిలో కొలది దినములు మాత్రమే వాన కురియు ఈ సీమలో, ఆ దినముల నీటిని పట్టియుంచి తక్కిన దినములలో వాడుకొనుటయే బ్రతుకుదెరువు. అందుచేత మన పూర్వులు చెరువు త్రవ్వించుట పుణ్యమని చెప్పి ఊరకొనలేదు. దాని నెట్లు కట్టవలెనో, ఎట్లు కాపాడవలెనో కూడ శాస్త్రముగా వ్రాసియుంచిరి. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి శాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు వేయించిన ఆ శాసనమునందు మంచి చెరువునకు పండ్రెండు అంగములును, చెరువును చెరచు ఆరు దోషములును లెక్కింపబడినవి.

మోటారుకారును గూర్చి చెప్పబూని చెరువు ముచ్చట యేల యని పాఠకులకు తోచవచ్చును. కారులోని విద్యుత్తు ఏర్పాటు అచ్చముగా చెరువు ఏర్పాటువంటిదే యని చూపుట మా ఉద్దేశము. బ్యాటరీ చెరువు. ఇంజనుతోపాటు తిరుగుచు విద్యుత్తును పుట్టించు యంత్రము చెరువునకు నీరు తెచ్చు కాలువ. దీపములు, హారను, ఇంజనును మేలుకొలుపు సెల్ఫు, ఇవి తూముల క్రింది పొలములు. నీరు మితిమీరినపుడు కట్ట తెగకుండ కాపాడు మరవ యొకటి కావలెను గదా. ఆ పని రెగ్యులేటరు చేయును. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి తప్పినను నడిరేయి నడిబాటలో బండి నిలిచిపోవును. బండినే నమ్ముకొని బ్రతుకువానికి అది ఒక పూట చిక్కుమాత్రము కాదు. ఆనాటి కూలి, ఒక్కొక్కపుడు ప్రాణము కూడ.

ఈ విషయమును ఈ మూడు ఊళ్ళవారు తెలిసికొనుటకు వేరొక కారణము కూడ కలదు. హైదరాబాదునుండి బెంగుళూరు పోవు రాజబాటపై, పెనుకొండ దాపున నున్న ఎర్రమంచి గ్రామమునందు 536 ఎకరములలో కియా వారి కార్ల కర్మాగారము వెలసినది. 2017 ఏప్రిలులో ఒడంబడిక జరిగినది. 2019 ఆగస్టు 8వ తేదీన మొదటి సెల్టోసు కారు వెలికి వచ్చినది. ఆ సంవత్సరమే డిసెంబరు 5న కర్మాగారమునకు లాంఛనముగా ప్రారంభోత్సవము జరిగినది. ఏటికి మూడు లక్షల కార్లను చేయుటకై నిర్మించిన ఆ కర్మాగారము 2023 జూలైలో పదిలక్షలవ కారును వెలువరించినది. 1565లో రక్కసితంగడి యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ నేడు దేశదేశములకు కార్లను పంపుచున్నది. ఆ కార్లలో ప్రతిదానియందును మేము చెప్పబోవు చెరువు, కాలువ, మరవ యున్నవి.

ఇక చరిత్ర. అయస్కాంతము ఎదుట రాగితీగ కదలినచో ఆ తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేలు ఫారడే కనుగొనెను. ఇది కాలువకు మూలము. 1859లో గాస్తో ప్లాంతే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు రేకులను గంధకామ్లములో ముంచి, మరల మరల నింపుకొనదగిన ఘటమును చేసెను. 1881లో కమీయ్ ఫోర్ అనునతడు ఆ రేకులకు సీసపు భస్మముతో చేసిన ముద్దను పట్టించి, ఘటము ఎక్కువ విద్యుత్తును పట్టునట్లు చేసెను. ఇది చెరువునకు మూలము. ఈ రెండింటిని ఒకచోట చేర్చుట సులభమని మనకిప్పుడు తోచును గాని, మోటారుకారునందు అవి కలిసికొనుటకు మరి ముప్పది యేండ్లు పట్టినది.

1886లో కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రముల బండిలో పెట్రోలు ఆవిరిని మండించుటకు బ్యాటరీ యుండెను. కాని దానికి వ్యయమే తప్ప ఆదాయము లేదు. కొంతదూరము పోవుసరికి అది వట్టిపోయెడిది. కాలువలేని చెరువు ఎన్నాళ్ళు నిలుచును? ఈ బాధను తప్పించుకొనుటకు బ్యాటరీయే అక్కరలేని మాగ్నెటో అను యంత్రము వాడుకలోనికి వచ్చినది. జర్మనీలో రాబర్ట్ బాష్ 1897లో దానిని మోటారు బండికి అమర్చెను. నిప్పురవ్వకు మాగ్నెటో చాలును గాని దీపములకు చాలదు. అందుచేత ఆ కాలపు కార్లకు ముందువైపున కార్బైడుతో వెలుగు గ్యాసుదీపములు వ్రేలాడెడివి. ఇంజనును కదలించుటకు మనుష్యుడే ముందు నిలిచి హ్యాండిలు త్రిప్పవలసియుండెను. ఇంజను ఎదురుతన్నినచో హ్యాండిలు వెనుకకు తిరిగి మణికట్టు విరిగెడిది.

1912వ సంవత్సరపు క్యాడిలాక్ కారుతో ఈ బాధ తీరుట మొదలైనది. అమెరికాలో చార్లెస్ కెటరింగు అను ఇంజనీరు ఒకే యంత్రముచేత రెండు పనులు చేయించెను. బయలుదేరునపుడు అది బ్యాటరీనుండి విద్యుత్తును తీసికొని ఇంజనును త్రిప్పును. ఇంజను మేల్కొన్న పిమ్మట అదే యంత్రము ఇంజనుచేత తిరుగుచు బ్యాటరీకి విద్యుత్తును తిరిగి యిచ్చును. అప్పు చేసి, తీర్చుట యన్నమాట. తరువాతి కార్లలో ఈ రెండు పనులకును రెండు యంత్రములు ఏర్పడినవి: సెల్ఫు మోటారు ఒకటి, డైనమో ఒకటి.

డైనమో పనిచేయు తీరును కొంచెము వివరింతుము. ఇనుపగూటిలో కదలకుండ నిలిచిన అయస్కాంతముల నడుమ రాగితీగలు చుట్టిన ఆర్మేచరు తిరుగును. దానిని త్రిప్పునది ఇంజను ముందరి ఫ్యాను పట్టీ. ఆర్మేచరులో పుట్టిన విద్యుత్తు అటునిటు మారుచుండును గనుక, రాగిముక్కలతో కూర్చిన కమ్యుటేటరు దానిని ఒక్కదిక్కునకే పారునట్లు చేయును. కార్బను బ్రష్షులు ఆ రాగిని ఒరసికొనుచు విద్యుత్తును వెలుపలికి తెచ్చును. ఇంజను మెల్లగా తిరుగునపుడు డైనమో యొత్తిడి బ్యాటరీ యొత్తిడికంటె తగ్గిపోవును. కాలువమట్టము చెరువుమట్టముకంటె పల్లమైనచో నీరు వెనుకకు పారును గదా! అట్లే బ్యాటరీలోని విద్యుత్తు డైనమోలోనికి పారి దానిని కాల్చివేయగలదు. దానిని ఆపుటకు కటౌటు అను చిన్న తలుపు అమర్చబడినది. ఒత్తిడి చాలినపుడు అది మూసికొని దారి యిచ్చును, చాలనపుడు విడిపోవును. దాని ప్రక్కనే రెగ్యులేటరు కూర్చుండి, ఇంజను వేగము హెచ్చినపుడు డైనమో అయస్కాంతపు బలమును తగ్గించి ఒత్తిడి మితిమీరకుండ చూచును. డ్రైవరు ఎదుట వెలుగు చిన్న యెఱ్ఱదీపము ఈ యేర్పాటంతటికి కావలివాడు. ఇంజను తిరుగుచుండగా అది వెలిగినదన్న, చెరువునకు కాలువనీరు రాకున్నదని అర్థము.

మన దేశములో 1957 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడరు కారు తన తొలి దశలలో ఇట్టి డైనమోతోనే నడచినది. డైనమోలు, సెల్ఫు మోటార్లు పూర్వము విదేశములనుండి రావలసియుండెను. 1961లో మద్రాసు వద్ద పాడిలో లూకాస్-టి.వి.ఎస్. సంస్థ ఏర్పడి వీనిని ఇక్కడనే చేయసాగినది. ధర్మవరము పట్టుచీరెలను, హిందూపురము బెల్లమును మోసికొనిపోవు లారీలకు కూడ ఈ సామగ్రియే ఆధారము. ఆ పెద్దబండ్లలో రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేయుదురు. సూత్రము మాత్ర మొకటే. ధర్మవరము జంక్షనుమీదుగా పోవు రైళ్ళ పెట్టెలలో సైతము చిరకాలము ఇదే పద్ధతి యుండెను. పెట్టె క్రింద ఇరుసునుండి పట్టీద్వారా డైనమో తిరిగెడిది. బండి నిలిచినపుడు పెట్టె అడుగున కట్టిన బ్యాటరీలు దీపములను వెలిగించెడివి.

రేడియోగల యిండ్లవారికి ఇందు మరియొక బాంధవ్యము కలదు. విద్యుత్తు తీగలు రాని పల్లెలలో రేడియో పలికినది బ్యాటరీలవలననే. బల్బుల రేడియోల కాలములో పంచాయతీ రేడియోకు జీవము పోసిన సీసపు బ్యాటరీలును, కారు బ్యాటరీయును ఒక జాతివే. వట్టిపోయిన బ్యాటరీని సైకిలుమీద కట్టుకొని పట్టణమునకు తెచ్చి, చార్జింగు అంగడిలో నింపించుకొని మరల కొనిపోయెడివారు. మన పెద్దలు చాలమంది సీసపు బ్యాటరీని మొదట చూచినది మోటారుకారులో కాదు, రేడియో ప్రక్కననే.

డైనమోకు ఒక పెద్దలోపము కలదు. ఇచ్చు విద్యుత్తంతయు తిరుగుచున్న తీగలలో పుట్టి, ఒరయుచున్న బ్రష్షులగుండ రావలెను. అందుచేత దానిని మితిమించి వేగముగా త్రిప్పరాదు. ఇంజను మెల్లగా తిరుగునపుడు అది ఏమియు ఈయజాలదు. 1960 ప్రాంతమున సిలికాను డయోడులు చవుకయైనవి. డయోడు విద్యుత్తును ఒక్కదిక్కునకే పోనిచ్చును, వెనుకకు రానీయదు. ఆ సంవత్సరమే అమెరికాలో క్రైస్లరు వారు తమ వేలియంట్ కారులో డైనమోకు మారుగా ఆల్టర్నేటరును అమర్చిరి. ఇందులో అయస్కాంతము తిరుగును, విద్యుత్తు పుట్టు తీగలు కదలక నిలుచును. బ్రష్షులగుండ పోవునది అయస్కాంతమును మేలుకొలుపు స్వల్ప విద్యుత్తు మాత్రమే. కావున దీనిని ఇంజనుకంటె రెండుమూడు రెట్ల వేగమున త్రిప్పవచ్చును. నిలుకడగా నున్న బండిలో సైతము ఇది బ్యాటరీని నింపగలదు. మూడు జతల డయోడులు అటునిటు మారు విద్యుత్తును ఏకముఖము చేయుటయేకాక, వెనుకకు పారకుండ తామే అడ్డుకొనును, కటౌటుతో పనిలేదు. పాత డైనమో ఇరువది ఆంపియర్లకు కొంచెము మించి యిచ్చినచో గొప్ప. నేటి కార్ల ఆల్టర్నేటర్లు తొంబది, నూటయిరువది ఆంపియర్లు కూడ నీయగలవు.

ఇంత యెందుకు కావలెనో ఒక చిన్న లెక్కవలన తెలియును. ముందరి దీపములు రెండును ఒక్కొక్కటి 55 వాట్లవైనచో, 12 వోల్టులమీద అవి సుమారు తొమ్మిది ఆంపియర్లు లాగును. 35 ఆంపియరు-గంటల బ్యాటరీ నిండియున్నను, కాలువ ఆగినచో ఈ దీపములకే నాలుగు గంటలు చాలదు. సెల్ఫు మోటారు రెండువందల ఆంపియర్ల వరకు లాగును గాని మూడు క్షణములలో దాని పని ముగియును. ఆ అప్పును తీర్చుటకు పది ఆంపియర్ల చొప్పున ఒకటి రెండు నిమిషములు చాలును. కావున బ్యాటరీని చంపునది సాధారణముగా సెల్ఫు కాదు. ఊరిలోనే నాలుగడుగులు నడిపి ఆపుట, మరల తీయుట, దీపములు, ఫ్యాను వేసియుంచుట, ఆపై పదిదినములు బండిని కదలించకుండుట. ఈ నిత్యలోటే దానిని చంపును.

పోరుమామిళ్ళ శాసనము చెరువునకు ఆరు దోషములు చెప్పినట్లే, మేమును ఈ యేర్పాటునకు ఆరు దోషములు చెప్పుదుము. మొదటిది పట్టీ సడలుట. సడలిన పట్టీ కీచుమనుచు జారును; అపుడు ఆల్టర్నేటరు తిరుగవలసినంత తిరుగదు. నడుమ వ్రేలితో నొక్కిన అర అంగుళము దిగుట పాత బండ్లకు సరియైన కొలత. కొత్తబండ్లలో పట్టీని తనంతట బిగించు చక్రముండును గనుక పగుళ్ళను చూచిన చాలును. పలు బండ్లలో నీటిపంపును త్రిప్పునదియు ఆ పట్టీయే. అది తెగినచో ఎఱ్ఱదీపము వెలుగుటతో ఆగదు, ఇంజను కూడ కాగిపోవును. అట్టి సమయమున ఇల్లు చేరుదమని బండిని తోలరాదు.

రెండవది బ్యాటరీ కొనలమీద తెల్లగాను పచ్చగాను పట్టు ఉప్పు. వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, బిగించి, పైన వాసెలిను పూయవలెను. మూడవది నీరు తగ్గి రేకులు బయటపడుట. మూతలుగల బ్యాటరీలో స్వేదనజలమే పోయవలెను. ఈ సీమ బోరునీటిలో లవణములు, ఫ్లోరైడు అధికము. ఆ నీరు రేకులకు విషము. వేసవిలో ఎండ నలువది డిగ్రీలు దాటు ఈ ప్రాంతమున నెలకు రెండు పర్యాయములు చూచుట మేలు. నాలుగవది బ్రష్షులు అరుగుట, బేరింగులు మొరయుట. ఐదవది రెగ్యులేటరు చెడుట. ఇంజను ఆపి కొన్ని గంటలైన పిదప నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపవలెను. ఇంజను తిరుగుచుండగా 14 వోల్టుల ప్రాంతమున నుండవలెను. బ్యాటరీ యొత్తిడికంటె హెచ్చకున్నచో కాలువ రాలేదని, పదునైదు దాటినచో మరవ పనిచేయలేదని గ్రహింపవలెను. కంపుకొట్టుచు బ్యాటరీ ఉబ్బుట ఈ రెండవదానికి గురుతు. ఆరవది దొంగగండి: బండి ఆపినను ఏదో దీపము, ఏదో అదనపు తీగ రాత్రియంతయు విద్యుత్తును త్రాగుచుండుట. కొన్న తరువాత చేర్పించిన సామగ్రివలననే ఇది తరచుగా కలుగును.

వీనికన్న ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. డైనమో నాటి మెకానిక్కులు ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగను ఊడదీసి, బండి ఆగినదా లేదా యని చూచి డైనమోను పరీక్షించెడివారు. ఆ చిట్కా నేటికిని గురువునుండి శిష్యునకు సంక్రమించుచున్నది. ఆల్టర్నేటరుగల బండిలో అట్లు చేసినచో ఒక్కసారిగా ఒత్తిడి పెరిగి డయోడులును, బండిలోని సున్నితమైన యంత్రపు మెదళ్ళును కాలిపోవచ్చును. ఒక క్షణపు పరీక్షకు వేలరూపాయల మూల్యము! వోల్టుమీటరు ఒకటి కొనుట దానికన్న ఎంతో చవుక. బ్యాటరీని విప్పునపుడు మొదట ఎర్తు తీగను తీయవలెను, తగిలించునపుడు దానిని కడపట తగిలించవలెను. నిండుచున్న బ్యాటరీనుండి జలజని వాయువు వెలువడును. దాని దాపున బీడీ గాని, అగ్గిపుల్ల గాని వెలిగింపరాదు.

చెరువు పూడినచో ఒండ్రుమట్టిని పొలమునకు తోలుకొందుము. పూడిన బ్యాటరీలోనిది ఒండ్రు కాదు, సీసము. దానిని పెరటిలో పగులగొట్టి కరగించుట కొన్నిచోట్ల వాడుకయైనది. ఆ పొగ, ఆ ధూళి పసిపిల్లల మెదడును చెరచును. ఇంతవరకు ప్రమాదము లేదనదగిన సీసపు మోతాదు లేనేలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. 2001లో వచ్చిన నిబంధనలును, వాని స్థానమున 2022లో వచ్చిన నిబంధనలును పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపై నుంచినవి. కావున పాతదానిని అంగడిలో ఒప్పగించియే కొత్తది కొనవలెను. ఆ సీసమే శుద్ధియై మరల బ్యాటరీ యగును. మన రాయలసీమలోనే తిరుపతి చెంత కరకంబాడి కేంద్రముగా 1985లో నెలకొన్న అమరరాజా సంస్థ దేశములోని పెద్ద బ్యాటరీ తయారీదారులలో నొకటి. చెరువులు కట్టిన సీమ ఈ కొత్త చెరువులను కూడ కట్టుచున్నదన్నమాట.

ఇప్పుడు ఈ కథ మరియొక మలుపు తిరిగినది. 2025 జూలైలో కియా వారు ఎర్రమంచిలో తయారైన కరెన్స్ క్లావిస్ అను విద్యుత్కారును విపణిలో ప్రవేశపెట్టిరి. విద్యుత్కారులో ఇంజను లేదు. ఇంజను లేదు గనుక పట్టీ లేదు, ఆల్టర్నేటరు లేదు. బండిని నడుపునది మహాచెరువువంటి పెద్ద బ్యాటరీ. ఐనను దీపములకు, తలుపులకు, యంత్రపు మెదళ్ళకు వేరుగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ యుండనే యున్నది. పెద్దచెరువునుండి పిల్లకుంటకు వలె, ఒక మార్పిడి యంత్రము పెద్దదానినుండి చిన్నదానిని నింపుచుండును. పెద్ద బ్యాటరీ నిండుగా నున్నను, ఈ చిన్నది వట్టిపోయినచో బండి మేల్కొనదు. ఇక బ్రేకు వేయునపుడును, దిగుడు బాటలోను చక్రములే మోటారును త్రిప్పి విద్యుత్తును వెనుకకు నింపును. ఒకే యంత్రము ఒకపుడు మోటారు, ఒకపుడు డైనమో! 1912లో కెటరింగు వేసిన ఎత్తు ఇదియే గదా.

యంత్రములు మారును. హ్యాండిలు పోయినది, మాగ్నెటో పోయినది, డైనమో పోయినది, ఆల్టర్నేటరు కూడ నొకనాడు పోవచ్చును. వచ్చుబడికి మించి వాడరాదను నీతి మాత్రము పోదు. పెనుకొండ, హిందూపురము, ధర్మవరముల అంగళ్ళలో బండ్లు బాగుచేయు యువకులు చేతిచిట్కాతోపాటు దాని వెనుకనున్న కారణమును కూడ నేర్చుకొన్నచో, రాబోవు బండ్లు వారికి కొత్తవి కావు. కట్టను కావలి కాచినవానికే చెరువు నీరిచ్చును.